బొమ్మ మీద అతికించిన తాళంచెవి ఇంకా తాళంచెవిలాగే కనిపిస్తోంది, ఏం చేయాలి?

పాతతాళం:
ఆరేళ్లుగా అక్రిలిక్ వేస్తున్నాను. ఏడాది కిందట మిక్స్‌డ్ మీడియాలోకి, అంటే రంగులతో పాటు వస్తువులూ కలిపి చేసే బొమ్మల్లోకి వచ్చాను. నా బొమ్మలన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతాయి: ఎదురుచూడటం. ప్రార్థన అంటే నాకు ఎవరో వస్తారని తలుపు వైపు చూస్తూ కూర్చోవడమే. దాన్ని రంగుల్లో పెట్టాలని తంటాలు పడుతున్నాను.

పోయిన నెల పూర్తి చేసిన బొమ్మకి "తలుపు అవతల" అని పేరు పెట్టుకున్నాను. 60 x 90 సెంటీమీటర్ల కాన్వాస్. అంతా ముదురు నీలం, నాలుగైదు పూతలు. మధ్యలో బంగారు రంగు వలయం. దాని చుట్టూ మా నాయనమ్మ ట్రంకు పెట్టెలో దొరికిన 11 తాళంచెవులు. అన్నీ తుప్పు పట్టినవే. అవి ఏ తాళాలవో ఇంట్లో ఎవరికీ తెలియదు. తాళాలు ఎప్పుడో పోయాయి, ఆవిడ మాత్రం చెవుల్ని గుడ్డలో మూటకట్టి దాచింది. ఆ మూట విప్పినప్పుడే ఈ బొమ్మ నా మనసులో పడింది.

బాధ రెండు రకాలు. చూసినవాళ్లంతా "తాళంచెవులు భలే ఉన్నాయి" అంటున్నారు తప్ప ఒక్కరు కూడా బొమ్మ ముందు ఓ నిమిషం ఆగలేదు. మా అన్నయ్యయితే "మంచి బొమ్మ మీద సామాను అతికించావు" అన్నాడు. తర్వాత ఒంటరిగా చూస్తే నాకూ అలాగే అనిపించింది. రెండోది, వారం కింద రెండు చెవులు ఊడి కింద పడ్డాయి. ఊడినచోట నీలం మీద గోధుమరంగు మరకలున్నాయి. మిగతావాటి చుట్టూ కూడా మరక పాకుతోంది.

దొరికిన వస్తువు బొమ్మలో కలిసిపోవాలంటే మీరంతా ఏం చేస్తారు?

రెండోకోటు:
ఏ జిగురు? కాన్వాస్ చట్రానికి బిగించిందా, బోర్డు మీద అంటించిందా? వార్నిష్ వేశారా?

పాతతాళం:
చట్రానికి బిగించిన మామూలు కాన్వాస్. హాట్ గ్లూ గన్‌తో, అంటే వేడికి కరిగే జిగురుతో అంటించాను. వార్నిష్ వేయలేదు.

తుప్పుమేకు:
ఊడిపోవడానికి కారణం ఈ మూడు ముక్కల్లోనే ఉంది.

చట్రానికి బిగించిన కాన్వాస్ డప్పు మీది తోలు లాంటిది. పక్కన తలుపు గట్టిగా వేసినా అదురుతుంది. గాలిలో తేమ మారినప్పుడల్లా కాస్త బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. ఇనుము అలా ఒంగదు. ఆ గుంజులాటంతా మధ్యలో ఉన్న జిగురు మీదే పడుతుంది. పైగా హాట్ గ్లూ చల్లటి ఇనుముని తాకగానే గడ్డకట్టేస్తుంది. ఇనుము వేడిని లాగేసుకుంటుంది కాబట్టి జిగురు సరిగా పరుచుకునే టైమే ఉండదు. పట్టుకున్నట్టు కనిపిస్తుంది కానీ పట్టుకోదు.

మరక సంగతి. చెవులు అతికించాక వాటి చుట్టూ నీలం సర్ది ఉంటారు కదా? అక్రిలిక్ రంగులో నీళ్లుంటాయి. తుప్పు మేలుకోడానికి ఆ తడి చాలు.

నేను ఎక్కువగా ఇనుప ముక్కలతోనే పనిచేస్తాను. ముందు వైర్ బ్రష్‌తో పొడి తుప్పు రాల్చేస్తాను. గట్టిగా అతుక్కున్న తుప్పుని అలాగే ఉంచుతాను, అందం దానిలోనే ఉంది. అసిటోన్‌తో తుడిచి ఆరనిస్తాను. నల్లటి రంగు కావాలనుకుంటే టానిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూస్తాను, తుప్పు నల్లనీలం పొరగా మారుతుంది. ఆ తర్వాత పారలాయిడ్ బీ-72 అనే రెసిన్‌ని అసిటోన్‌లో పల్చగా కలిపి రెండు పూతలు. మ్యూజియంలలో పాత వస్తువుల్ని కాపాడేవాళ్లు వాడేది ఇదే. మైనం కూడా పూయొచ్చు కానీ అంతా అతికించాక, చివర్లోనే. మైనం మీద ఏ జిగురూ నిలవదు.

బరువున్న లోహానికి జిగురు ఒక్కదాన్నే నమ్మను. బోర్డుకి రెండు సన్న రంధ్రాలు చేసి తీగతో వెనక ముడేస్తాను. కింద రెండు భాగాలు కలిపే ఎపాక్సీ, అదీ 5 నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు, నెమ్మదిగా గట్టిపడేది. అంటించే రెండు వైపులా గరుకు కాగితంతో గీకాలి. ఒక రోజంతా కదపకూడదు.

పాతతాళం:
అవును, అతికించాకే చుట్టూ నీలం సర్దాను. మీరు పక్కన ఉండి చూసినట్టు చెప్పారు.

బిందువు:
తుప్పుమేకు గారు చెప్పిందంతా నిజం. కానీ జిగురు మార్చినా మీ అన్నయ్య అన్న మాట మారదు.

బంగారు వలయం, దాని చుట్టూ తాళంచెవులు. వలయం చూడగానే "ఓ, వెలుగు" అనుకుంటాం. చెవి చూడగానే "తెరవడం" అనుకుంటాం. రెండు సెకన్లలో అర్థమైపోయింది. అర్థమైపోయిన చోట ఎవరు ఆగుతారు? ఆధ్యాత్మికం అనగానే మనమందరం వలయాలు, కిరణాలు, రెక్కలు, తామరలు తెచ్చి పెడతాం. నేనూ పెట్టాను. పగిలిన లాంతరు చిమ్నీ ఒకటి దొరికితే దాని వెనక మంట గీశాను. నెల రోజులు గోడకి పెట్టి చూశాక మంటని బూడిదరంగుతో మూసేశాను. ఇప్పుడు చూసేవాళ్లు ఆ గాజులోకి తొంగి చూస్తున్నారు.

వలయం తీసేయండి. 11లో ఒకటో రెండో ఉంచండి.

చెక్కపేటిక:
బిందువు గారూ, ఈ "తగ్గించు, తీసేయ్" అనేది అందరికీ మందు కాదు.

వాషింగ్టన్‌లో జేమ్స్ హాంప్టన్ అనే ఆయన ఉండేవాడు. ప్రభుత్వ భవనాల్లో రాత్రిపూట ఊడ్చే ఉద్యోగం. 1950లో ఒక గ్యారేజీ అద్దెకి తీసుకుని, పని అయ్యాక అక్కడికి వెళ్లి, 1964లో చనిపోయేదాకా ఒకటే పని చేశాడు: దేవుడు తిరిగొచ్చినప్పుడు కూర్చోవడానికి సింహాసనం. పారేసిన కుర్చీలు, బల్లలు, కాలిపోయిన బల్బులు, గాజు సీసాలు, అట్టముక్కలు, వాటన్నిటికీ బంగారు, వెండి రేకు కాగితం చుట్టాడు. దాదాపు 180 ముక్కలు. ఆయన పోయాకే లోకానికి తెలిసింది. ఇప్పుడు స్మిత్‌సోనియన్ వాళ్ల అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. సింహాసనం పైన "భయపడకు" అని రాసి ఉంటుంది.

దాన్లో ఖాళీ అన్నదే లేదు. రెక్కలున్నాయి, కిరీటాలున్నాయి, మెరుపుంది. అయినా ఫోటో చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. కాబట్టి లెక్క ఎక్కువా తక్కువా అన్నది కాదు.

మబ్బుచాటు:
14 ఏళ్లు, ఎవరికీ చూపించకుండా. ఈ ఒక్క పోస్టు కోసం ఇవాళ లాగిన్ అయినందుకు సంతోషంగా ఉంది.

బిందువు:
చెక్కపేటిక గారూ, ఒప్పుకుంటాను, మంచి ఉదాహరణ. కానీ ఆయన బల్బుని బల్బులా వదల్లేదు చూడండి. అన్నిటికీ ఒకే చర్మం తొడిగాడు. కుర్చీ కాలూ, సీసా, అట్టా అన్నీ ఆ రేకు కింద ఒకే వంశం అయిపోయాయి. ఎడమకీ కుడికీ ఒకదానికొకటి జోడీలుగా నిలబెట్టాడు. పాతతాళం గారి బొమ్మలో నీలం ఒక లోకం, చెవులు వేరే లోకం.

రెండోకోటు:
ఈ "ఒకే చర్మం" అన్న మాట పట్టుకోండి, చేతిపని అక్కడే ఉంది.

వస్తువు అంచు చుట్టూ ఖాళీ సందు కనిపిస్తే కన్ను వెంటనే "అతికించారు" అని పట్టేస్తుంది. ఆ సందుని మోల్డింగ్ పేస్టుతోనో గట్టి జెల్ మీడియంతోనో (రెండూ ఆరితే గట్టిపడే చిక్కటి అక్రిలిక్ ముద్దలే) వాలుగా నింపండి, గోడకీ నేలకీ మధ్య మూల పూసినట్టు. ఆరాక నీలాన్ని గ్లేజింగ్ మీడియంలో, అంటే రంగుని పారదర్శకంగా చేసే ద్రవంలో బాగా పల్చన చేసి కాన్వాస్ మీదా వస్తువు మీదా కలిపి ఒకేసారి పూయండి, దీన్నే గ్లేజు అంటాం. గుంటల్లో రంగు నిలుస్తుంది, ఎత్తుల మీద గుడ్డతో తుడిచేయండి. మూడు నాలుగు పూతలయ్యాక వస్తువు ఆ నీలంలోంచే తేలినట్టుంటుంది. తుప్పుమేకు చెప్పినట్టు ఇనుముకి ముందే కవచం పడి ఉండాలి, లేకపోతే ఈ నీళ్ల పూతలే మళ్లీ తుప్పు లేపుతాయి.

కాన్వాస్ పారేయకండి. వెనక చట్రం లోపల సరిగ్గా పట్టేలా ప్లైవుడ్ ముక్క కోయించి దూర్చండి. అదురు తగ్గుతుంది, తీగ కట్టడానికి ఆసరా దొరుకుతుంది.

తుప్పుమేకు:
గ్లేజు పూసిన తుప్పు నాకు మాత్రం నచ్చదు. నీలం పూసిన చెవి ఇంక ఆవిడ దాచిన చెవి ఎలా అవుతుంది?

రెండోకోటు:
అంటే ఊడిపోకూడదు, మరక రాకూడదు, కలవాలి, కానీ ముట్టుకోకూడదు!

తుప్పుమేకు:
అదే అడుగుతున్నాను 🙂

గీతలమధ్య:
వస్తువుని బొమ్మలోకి లాగాలని అందరం చూస్తున్నాం. బొమ్మనే వస్తువు దగ్గరికి తీసుకెళ్తే?

1912లో పికాసో ఒక చిన్న కోడిగుడ్డు ఆకారపు కాన్వాస్ మీద, కుర్చీ అల్లిక అచ్చు వేసిన ఆయిల్‌క్లాత్ ముక్క అతికించి, చుట్టూ నిజమైన తాడు చుట్టాడు. ఆ తాడు అక్కడ ఫ్రేము. దానికి ఒక పని ఉంది. తాడు తీసేస్తే బొమ్మకి అంచు పోతుంది. మీ చెవులకి ఏం పని ఉందో అడిగి చూడండి. 11లో ఒకటి తీసేస్తే బొమ్మకి ఏమీ కాకపోతే, ఆ ఒకటి అతిథిగా వచ్చినట్టే.

ఇంకోటి, అమెరికన్ కళాకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ గడ్డి కూరిన మేకతో చేసిన బొమ్మ. 1955లో మొదలుపెట్టి 1959కి గానీ ముగించలేదు. మొదట మేకని గోడకున్న పలక మీద పక్క నుంచి కనిపించేలా పెట్టాడు, కుదరలేదు. తర్వాత నిలువు పలక ముందు నిలబెట్టాడు, నడుముకి టైరు తొడిగాడు, అదీ కుదరలేదు. చివరికి పలకనే నేల మీద పడుకోబెట్టి మేకని దాని మీద నిలబెట్టాడు. అప్పుడు కుదిరింది. మేక మారలేదు, బొమ్మ పడుకుంది.

నా అనుభవంలో కూడా అంతే. నీటి కోతకి నున్నబడ్డ చెక్కముక్క ఒకటి ఉండేది నా దగ్గర, అరచేతిలో పట్టేంత. దాన్ని మూడు బొమ్మల్లో పెట్టి చూశాను, ప్రతిదాన్లోనూ అది విడిగా నిలబడింది. నాలుగోసారి బొమ్మ ముందు వేయలేదు. చెక్కని ఖాళీ బోర్డు మీద పెట్టి, పొద్దున్నే కిటికీ వెలుగులో దాని నీడ ఎటు పడుతుందో చూసి ఆ నీడతోనే రంగు మొదలుపెట్టాను. చెక్క మీదున్న గీతల్ని బోర్డు మీద అలాగే పొడిగించాను. ఎవరూ "చెక్క బాగుంది" అనలేదు. "ఇది నదా?" అని అడిగారు.

మీరు నీలం పూర్తయ్యాక చెవులు పెట్టారు. చెవులతో మొదలుపెట్టి ఉంటే అసలు నీలం వచ్చేదా?

పాతతాళం:
గీతలమధ్య గారూ, ఈ చివరి ప్రశ్న నన్ను పట్టుకుంది. నీలం నాకు ఇష్టమైన రంగు, అంతే. ఆ మూటలో నీలం లేదు. ఆ గుడ్డ పసుపుకి, మట్టిరంగుకి మధ్య ఉంటుంది. చెవుల గుర్తులు దాని మీద అచ్చుపడి ఉన్నాయి.

చెక్కపేటిక:
ఆ గుడ్డ ఉందా ఇంకా?? పారేయకండి దయచేసి.

పాతతాళం:
ఉంది. డ్రాయర్లో పెట్టాను.

గుల్లలు_రంగులు:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, నాదీ ఇలాంటి బాధే. సముద్రపు గుల్లలతో పుట్టుక మీద ఒక బొమ్మ చేశాను. చెక్క పెట్టె ఫ్రేము, వెనక ఎండీఎఫ్ బోర్డు (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసేది), ముందు గాజు. గర్భంలా మూసి ఉండాలని అలా చేశాను. రెండేళ్లకి గుల్లల మీద తెల్లటి పొడి లేచింది, బూజు అనుకుని తుడిస్తే మళ్లీ వచ్చింది. కొన్నిటి మెరుపు పూర్తిగా పోయింది.

తుప్పుమేకు:
బూజు కాదు. చెక్క నుంచి, ముఖ్యంగా ఓక్ నుంచీ ఎండీఎఫ్ లాంటి బోర్డుల నుంచీ ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరి వస్తుంది. గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్. మూసిన పెట్టెలో ఆ ఆవిరి, తేమ కలిసి గుల్లని తింటాయి, పైకి లేచే తెల్లపొడి కాల్షియం లవణం. దీన్ని బైన్స్ డిసీజ్ అంటారు, 1899లో దాని గురించి రాసిన బైన్ పేరు మీద. ఆయన క్రిములనుకున్నాడు, తర్వాత రసాయనమని తేలింది.

పోయిన మెరుపు రాదు. గుల్లల్ని తీసి మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. సముద్రపు ఉప్పు లోపల ఉంటే అదీ తేమని లాగుతుంది. వెనక ఎండీఎఫ్ తీసేసి ఆమ్లం లేని బోర్డు పెట్టండి, పెట్టెకి గాలి ఆడనివ్వండి.

గుల్లలు_రంగులు:
గర్భానికి గాలి ఆడాలన్నమాట. సరే, కొత్త అర్థం దొరికింది నాకు.

మబ్బుచాటు:
ఎండిన గింజలు, ఈకలు, తేనెతుట్టె ముక్క వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? నా బొమ్మలోంచి చిన్న పురుగులు వచ్చాయి. మా ఇంట్లో ఒకటే గొడవ.

రెండోకోటు:
వాడే ముందు ఫ్రీజర్లో పెట్టాలి. గాలి దూరని సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు. తీసాక సంచి వెంటనే విప్పకండి, గది వేడికి వచ్చేదాకా ఒక రోజు అలాగే వదిలేయండి. లేకపోతే చల్లటి ఈక మీద నీటి బొట్లు పడతాయి. సంచి మీద పెద్ద అక్షరాలతో రాయడం మర్చిపోవద్దు, ఫ్రీజర్ తెరిచినవాళ్లు ఈకలు చూసి కంగారు పడతారు 😄

అతికించేసిన దానికి ఈ పద్ధతి వద్దు. గడ్డకట్టే చలిలో అక్రిలిక్ పొర పెళుసుబారి పగులుతుంది.

శ్రద్ధగా:
అందరూ వస్తువు ఎలా నిలవాలో చెప్తున్నారు. ఏ వస్తువు వాడొచ్చో కూడా ఎవరైనా మాట్లాడండి. ప్రార్థన పుస్తకం పేజీలు చింపి కొలాజ్ చేసి, మీద రంగు పోసినవాళ్లని చూశాను. ఒకరు కళ్లకద్దుకున్న కాగితం ఇంకొకరికి టెక్స్చర్ అవడం నాకు నచ్చదు. అది ఎవరి మతమైనా సరే.

బిందువు:
పారేసినదే కదా? పారేసినదాన్ని తీసి బొమ్మలో పెట్టడం గౌరవమే అని నా ఉద్దేశం.

శ్రద్ధగా:
ఎవరు పారేశారో, ఎందుకు పారేశారో మీకు తెలుసా? చేయి జారి పోయి ఉండొచ్చు. బతకలేక ఇల్లు ఖాళీ చేసి ఉండొచ్చు.

చెక్కపేటిక:
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నాకు జరిగింది చెప్తాను. మా పక్కింటాయన వాళ్లమ్మ పోయాక, ఆవిడ జపమాల తెగిపోయిందని నాకు తెచ్చిచ్చాడు, "నువ్వేదో చేస్తావుగా, దీన్ని కూడా చెయ్యి" అని. పూసలు నునుపెక్కి ఉన్నాయి. ఒక్కో పూసకీ ఒక వైపు మాత్రమే మెరుపు, బొటనవేలు తగిలే వైపు. నెల రోజులు బల్ల మీదే పెట్టుకున్నాను. పూసలు అతికించడానికి చేయి రాలేదు. చివరికి తెగిన దారాన్ని మాత్రం వాడాను. లేత బూడిదరంగు బోర్డు మీద, ఆ దారం ఎక్కడ తెగిందో అక్కడే ఆపేసి, మిగతా వలయాన్ని పెన్సిల్‌తో పూర్తి చేశాను. పూసలు తిరిగి ఇచ్చేశాను. ఆయన బొమ్మ చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ తెగిన కొనని వేలితో ముట్టుకున్నాడు.

శ్రద్ధగా:
ఇలా చేస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆయన ఇచ్చాడు, మీరు కావలసినంతే తీసుకున్నారు.

గీతలమధ్య:
చెక్కపేటిక గారి దారం సంగతి చదివాక బెట్యే సార్ అనే అమెరికన్ కళాకారిణి గుర్తొచ్చింది. 1969లో ఆవిడ పాత చెక్క కిటికీ చట్రం ఒకటి తీసుకుని, పైన ఉన్న తొమ్మిది చిన్న గళ్లలో చంద్రుడు, నక్షత్రాల లాంటి గుర్తులు పెట్టి, కింది పెద్ద అద్దంలో చేతులు గాజుకి ఆనించి చూస్తున్న నల్లమ్మాయిని పెట్టింది. కిటికీ కిటికీలాగే ఉంది. అతికించినట్టు ఎవరికీ అనిపించదు, ఎందుకంటే మనం నిజంగా ఒక కిటికీ ముందు నిలబడి ఉన్నాం.

రెండోకోటు:
పేజీల విషయానికి ఒక చిన్న మాట. అక్షరాలు తప్పకుండా కావాలంటే అసలు కాగితం ముట్టుకోకుండా జిరాక్స్ తీసి వాడండి, ఆమ్లం లేని కాగితం మీద. శ్రద్ధగా గారికీ ఇబ్బంది ఉండదు, కాగితమూ నిలుస్తుంది. పాత చవక కాగితంలో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది, వెలుగు తగిలితే పసుపెక్కి పొడిపొడి అవుతుంది. ఇంక్‌జెట్ ప్రింటు మాత్రం వద్దు, తడి మీడియం తగలగానే అక్షరాలు కారతాయి.

పాతతాళం:
మూడు వారాలైంది, ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.

ముందు చెవులన్నీ తీసేయాలనుకున్నాను. స్పిరిట్ వేస్తే హాట్ గ్లూ ఊడుతుందని తెలుసు కానీ అది అక్రిలిక్‌ని కూడా కరిగిస్తుందని భయపడి, హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వేడి చేసి, చెవి కింద నుంచి గట్టి దారం రంపంలా లాగాను. ఒక్కోదానికి పావుగంట పట్టింది. తొమ్మిదీ వచ్చేశాయి.

తీసాక కాన్వాస్‌ని గోడకి ఆనించి దూరం నుంచి చూశాను. 11 చోట్ల గోధుమరంగు గుర్తులు. కొన్నిటికి పిడి వలయం స్పష్టంగా, పళ్లు మసగ్గా. కొన్నిటికి కాడ ఒక్కటే. సరిగ్గా నాయనమ్మ గుడ్డ మీద ఉన్న అచ్చుల్లాగే. నేను ఏడాదిగా వెతుకుతున్న బొమ్మ అదే, తాళంచెవుల కింద దాక్కుని ఉంది.

బిందువు గారి మాట విని బంగారు వలయాన్ని మూసేశాను. నీలంతో కాదు, గుడ్డ రంగుతో. ఆ మట్టి పసుపుని మధ్య నుంచి అంచులకి పల్చగా పాకించాను, నీలం అడుగున అక్కడక్కడా కనిపిస్తుంది. గుర్తుల్ని ముట్టుకోలేదు. ఇప్పుడు ఒక్క చెవి పెడదామనుకుంటున్నాను. అన్నిటికన్నా చిన్నది. కానీ మళ్లీ అతికించడానికి మనసొప్పట్లేదు.

గీతలమధ్య:
అతికించకండి. వేలాడదీయండి.

తుప్పుమేకు:
అవును. చట్రం వెనక ప్లైవుడ్ దూర్చారు కదా? సన్నటి స్టీలు తీగని కాన్వాస్‌లోంచీ ప్లైవుడ్‌లోంచీ వెనక్కి తీసి వాషర్‌కి చుట్టండి. బొమ్మకి రెండు సెంటీమీటర్ల ముందు వేలాడితే ఇనుము రంగుని తాకదు, ఇంక మరక సమస్యే ఉండదు. చెవిని పట్టి చూసి చెప్పండి, తుప్పు పొడి వేలికి అంటుతోందా?

పాతతాళం:
అంటుతోంది కొంచెం.

తుప్పుమేకు:
అయితే బ్రష్ కొట్టి బీ-72 పూయండి. గుర్తుంచుకోండి, చెవిని విడిగా పెట్టి పూయాలి. కాన్వాస్ మీద ఒక్క చుక్క కూడా పడకూడదు, దాన్లో అసిటోన్ ఉంది, అక్రిలిక్‌ని తినేస్తుంది. కాన్వాస్ మీద ఉన్న మరకలకి వేరే దారి: మినరల్ స్పిరిట్‌తో కలిసే వార్నిష్ స్ప్రే, పల్చగా, రెండు మూడు పూతలు. నీళ్ల వార్నిష్ బ్రష్‌తో వేస్తే తుప్పు రంగు లేచి పాకే ప్రమాదం ఉంది. ముందు మూలలో ఒక్క గుర్తు మీద వేసి చూడండి. కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకుని.

గ్లేజు గురించి నేను అడిగింది గుర్తుందా? ఆవిడ దాచిన చెవి ఇప్పుడు ముట్టుకోకుండానే ఉంది.

రెండోకోటు:
ఈసారికి ఒప్పుకుంటున్నా తుప్పుమేకు. కానీ గ్లేజు వదలను.

మబ్బుచాటు:
నీడ ఎక్కడ పడుతుందో చూశారా?

పాతతాళం:
నిన్న సాయంత్రం వేలాడదీశాను. పొద్దున లేచి వచ్చేసరికి కిటికీ వెలుగు పక్క నుంచి పడుతోంది. చెవి నీడ సాగి, ఎడమ వైపు ఉన్న ఒక గుర్తు మీదికి వెళ్లింది. కొలిచి పెట్టింది కాదు. నీడ పళ్లు, తుప్పు పళ్లు ఒక్క క్షణం ఒకదాని మీద ఒకటి సరిపోయాయి. తర్వాత వెలుగు కదిలింది, నీడ పక్కకి జరిగింది. నేను కాఫీ కూడా తాగకుండా అక్కడే కూర్చున్నాను.

అన్నయ్య వచ్చాడు మధ్యాహ్నం. ఏమీ అనలేదు. నాయనమ్మ గుడ్డ ఎక్కడుందని అడిగాడు.

శ్రద్ధగా:
😭

బిందువు:
వలయం తీసేయమన్నాను కానీ, గుడ్డ రంగు నాకు తట్టేది కాదు. అది పూర్తిగా మీదే.

చెక్కపేటిక:
మిగతా 10 చెవులు?

పాతతాళం:
మళ్లీ ఆ గుడ్డలోనే కట్టేశాను.

తుప్పుమేకు:
ఆ మూటలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. ఇంకోటి, బొమ్మ వెనక ప్లైవుడ్ మీద రాసిపెట్టండి: తేదీ, ఏ రంగులు, ఏ వార్నిష్, తీగ ఎలా బిగించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా బాగుచేయాల్సి వస్తే వాళ్లకి కావాలి.

పాతతాళం:
ఇప్పుడే రాశాను. చెవులు ఎవరివో కూడా రాశాను, నాయనమ్మ పేరు.